చిట్టితల్లికి, మౌలాలి నుంచి

చి.ల.సౌ. సుజాతకు నాన్న ఆశీస్సులు.

మేం ఇక్కడ క్షేమం. అమ్మ మోకాలికి చెప్పిన వ్యాయామం రోజూ చేస్తోంది, నేను పక్కన నిలబడితేనే అనుకో. బంటిగాడి దగ్గు తగ్గిందా? పొద్దున స్కూలు బస్సుకి వెళ్లేటప్పుడు చెవులు కప్పి పంపు, బెంగళూరు చలిగాలి వాడికి పడదు. నువ్వు కూడా మధ్యాహ్నం మూడింటిదాకా తినకుండా కూర్చోవడం మానెయ్. రెండు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు, ఆఫీసులో ఒత్తిడి ఉందేమో అనుకున్నాం.

మొన్న విమల పిన్ని వచ్చింది. నువ్వూ చిన్నబాబూ శంకర్‌పల్లి వైపు సీనియర్ సిటిజన్ల కోసం కడుతున్న అపార్ట్‌మెంట్లు చూస్తున్నారట, అడ్వాన్స్ కూడా కట్టేశారట. ఆ మాట వినగానే అమ్మ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ చాలాసేపు బయటికి రాలేదు. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మన వీధిలో ఇప్పుడు ఏ ఇల్లు చూసినా ఇద్దరు ముసలివాళ్లే. 2011 లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లే అవుతారని అంచనా. మేం ఉన్నా లేకపోయినా, ఆ లెక్కలోకి నువ్వూ వస్తావు తల్లీ. అందుకే ఇప్పటినుంచే నడక అలవాటు చేసుకోమని చెప్పేది. కాల్షియం బిళ్లలు వేసుకుంటున్నావా?

నాకు రైల్వే వర్క్‌షాప్ ఉద్యోగం పుణ్యమా అని రైల్వే ఆసుపత్రి ఉంది. లాలాగూడకి ఇక్కణ్ణుంచి ఆటోలో వెళ్లొచ్చు. అక్కడి ఫార్మసీ కిటికీ దగ్గర సగంమంది మొహాలు నాకు తెలుసు. వాళ్ల పక్షవాతాలు, బైపాస్‌లు కూడా తెలుసు. అమ్మకీ నాకూ బతికున్నంతకాలం అదే ఆధారం. శంకర్‌పల్లి నుంచి లాలాగూడ అంటే ఊరు మొత్తం దాటాలి. పిన్ని చెప్పింది నిజమైతే, ఇది ముందు ఆలోచించారా అని అడగాలనిపించింది, అంతే.

శేషగిరి మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. నల్లకుంట ఇల్లు అమ్మేసి, ఊరి బయట అలాంటి చోటే చేరాడు. మొదట్లో నేను చూడ్డానికి వెళితే నిజంగానే ముచ్చటేసింది. బాత్రూంలో గోడకి స్టీల్ కడ్డీలు, జారని టైల్స్, చక్రాల కుర్చీ పట్టే తలుపులు. మంచం తల దగ్గర ఎర్ర బటన్. మూడు పూటలా భోజనం. రుక్మిణి అత్తయ్య నలభై ఏళ్ల తర్వాత పొయ్యి దగ్గర్నుంచి లేచి హాయిగా కూర్చుంది. ఒక రాత్రి మామయ్యకి గుండెల్లో పట్టేసింది. బటన్ నొక్కగానే నర్సు వచ్చి ఆక్సిజన్ పెట్టింది, అంబులెన్సూ వచ్చింది. తీసుకెళ్లిన ఆసుపత్రిలో మాత్రం మామయ్య ఏం మందులు వాడతాడో ఎవరికీ తెలియదు. బీపీ, షుగర్ అన్నీ ఏళ్ల తరబడి చూసింది నల్లకుంట డాక్టర్. అత్తయ్య కంగారులో ఖాళీ అయిన బిళ్లల అట్టలు ఒక పాలిథిన్ కవర్లో వేసుకుని పట్టుకెళ్లింది. వాటిని చూసి మందుల పేర్లు రాసుకున్నారట. స్టెంట్ వేసి ప్రాణం నిలబెట్టారు. తిరిగొచ్చాక రెండు పూటలా నర్సు, ఫిజియోథెరపీ. ఇంట్లో ఉంటే ఇంత బాగా జరిగేది కాదని అత్తయ్యే అంది, నేనూ ఒప్పుకుంటాను. ఇన్సూరెన్స్‌లు, 70 దాటినవాళ్లకి 2024 అక్టోబర్‌లో ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు అని తెచ్చిన ఆయుష్మాన్ కార్డు, ఇవన్నీ ముఖ్యంగా ఆసుపత్రి మంచం ఖర్చుకే. ఇంటికొచ్చాక లేపి కూర్చోబెట్టే మనిషి జీతం మనమే పెట్టుకోవాలి.

ఆ తర్వాత జరిగింది చెప్తాను. అక్కడ సేవలు చూసే ఏజెన్సీ మారింది. నెలవారీ ఛార్జీ పెంచారు, రాత్రి నర్సుని తీసేశారు. మామయ్య అడిగితే అగ్రిమెంట్ చూసుకోమన్నారు. నల్లకుంట ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉన్నారు. ఇక ఎక్కడికి వెళ్తాడు?

అందుకే చెప్తున్నా, విను. రెరా, అంటే ఇళ్ల ప్రాజెక్టుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ, దాని రిజిస్ట్రేషన్ ఉంటే బిల్డింగుకి భరోసా. రాత్రి నర్సు ఉంటుందా లేదా అన్నది రెరా చూడదు. వృద్ధుల ఇళ్లకి కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో బిల్డరు, సేవలు చూసే సంస్థ, కొన్నవాళ్లు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తీసుకుంటేనే అమలు. కాబట్టి కాగితం మీద ఏముందో నువ్వే చదవాలి. ఛార్జీ ఏటా ఎంత పెంచొచ్చు, ఏజెన్సీ వెళ్లిపోతే ఎవరు చూస్తారు, ఇద్దరిలో ఒకరు పోతే రెండోవాళ్లు ఉండొచ్చా, మంచాన పడితే అక్కడే ఉంచుతారా, పంపించేస్తారా? బ్రోచర్లో స్విమ్మింగ్ పూల్ చూసి సంతకం పెట్టకూడదు. మళ్లీ క్లాసు పీకుతున్నానని విసుక్కోకు.

మేం రామని కాదు. మేడ మెట్లు అమ్మకి ఎన్నాళ్లో సాగవని నాకూ తెలుసు. కింది వాటా ఖాళీ చేయించి, బాత్రూంలో కడ్డీలు వేయించి, పగలు ఒక మనిషిని పెట్టుకుంటే కొన్నేళ్లు నడుస్తుందని నా లెక్క. అది చాలనప్పుడు వెళ్దాం. వెళ్లినా ముందు ఒక నెల అద్దెకి ఉండి చూస్తాం. అమ్మకి భోజనం సరిపడాలి, గుడి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. ఈ ఇల్లు మాత్రం అప్పుడే అమ్మొద్దు. చిన్నబాబుకి ఇది నువ్వే చెప్పు, నేను చెబితే అమెరికా నుంచి గంటసేపు లెక్కలు చెప్తాడు. ఏదైనా సరే, మమ్మల్ని అడిగి చేయండి. పిన్ని నోటి వెంట వినాల్సిన మాట కాదు ఇది.

నిజంగా అడ్వాన్స్ కట్టి ఉంటే రసీదు ఫోటో వాట్సాప్‌లో పంపు, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారో చూస్తాను. సంక్రాంతికి ఎప్పుడు బయల్దేరతారో తేదీ కూడా చెప్పు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, కాచిగూడ రైళ్లు పండక్కి గంటలో నిండిపోతాయి. అల్లుడుగారికి సెలవు దొరక్కపోతే నువ్వూ బంటీ అయినా రండి. ఒకరోజు నలుగురం కలిసి ఆ శంకర్‌పల్లి చోటు చూసొద్దాం. అమ్మకి మధ్యాహ్నం అన్నం అక్కడే పెట్టిద్దాం. తిని తనే చెప్తుంది.

నాన్న