లైక్లీ అంటే ఎంత?

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. చెన్నై ఎండ, మెస్సు సాంబారు, కొత్త ఆఫీసు అన్నీ రాశావు గానీ, అసలు టెన్షనంతా చివరి పేజీలోనే ఉంది. శుక్రవారం రిపోర్టులో "షుడ్ బీ రెడీ బై మండే" అని రాశావు, సోమవారం పొద్దున్నే క్లయింటు ఫోన్ చేసి ఏదీ అని నిలదీశాడు. వ్యాకరణం ప్రకారం నీ వాక్యంలో తప్పేం లేదురా. అంతా బాగుంటే అయిపోతుందని నువ్వు రాశావు. అయిపోతుందని మాట ఇచ్చినట్టు అతను చదువుకున్నాడు. ఇలాంటి మాటల దగ్గర తలపండినవాళ్లే తడబడ్డారు. ఆ కథ చెబుదామనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

1951 నాటి సంగతి. అంతకు మూడేళ్ల ముందే యుగోస్లావియాకీ స్టాలిన్‌కీ చెడింది. ఆ ఏడాది సోవియట్ కూటమి దాని మీదకి దండెత్తుతుందా అన్న ప్రశ్నకి అమెరికా సీఐఏ వాళ్లు ఒక అంచనా రాశారు. దాడిని "సీరియస్ పాసిబిలిటీ"గా చూడాలని తేల్చారు. ఆ అంచనా వెనకున్న పెద్దల్లో ఒకడు షెర్మన్ కెంట్, అంతకుముందు యేల్‌లో చరిత్ర పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. తర్వాత విదేశాంగ శాఖ అధికారి ఒకాయన మాటల మధ్యలో, ఇంతకీ "సీరియస్ పాసిబిలిటీ" అంటే ఎంత అని అడిగాడు. 65కి 35, దాడి జరిగే వైపే మొగ్గు అన్నాడు కెంట్. ఆ అధికారి ఉలిక్కిపడ్డాడు. అతనూ అతని మనుషులూ అంతకంటే చాలా తక్కువని చదువుకున్నారు మరి. దాంతో కెంట్ తనతో కలిసి కూర్చుని ఆ అంచనా రాసినవాళ్లనే ఒక్కొక్కరినీ అడిగాడు. 20 శాతం దగ్గర్నుంచి 80 శాతం దాకా జవాబులొచ్చాయి. వీళ్లంతా ఆ ఒక్క వాక్యానికీ సరే అన్నవాళ్లే! ఎప్పుడు తల్చుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. యుద్ధానికి సిద్ధపడాలా వద్దా అన్నది తేల్చాల్సిన కాగితం అది.

1964లో ఆయన దీని మీద ఒక వ్యాసం రాశాడు. "ప్రాబబుల్" అంటే 75 శాతం, అటూ ఇటూ ఒక 12. "ఆల్‌మోస్ట్ సర్టెన్" అంటే 93, అటూ ఇటూ ఒక 6. ఇలా ఒక్కో మాటకీ లెక్క కట్టాడు. అంకెలు కావాలనేవాళ్లని గణితజ్ఞులనీ, మాటలు చాలనేవాళ్లని కవులనీ అన్నాడు. కవిత్వమంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. అయినా ఆఫీసు కాగితాల దగ్గర నేను గణితజ్ఞుల పక్షమే.

ఇంకో చిక్కుంది. మాట ఒకటే అయినా దాని లెక్క చోటుని బట్టి మారిపోతుంది. మన వాతావరణ శాఖ బులెటిన్లలో "లైక్లీ" అంటే 25 నుంచి 50 శాతం, "వెరీ లైక్లీ" అంటే 50 నుంచి 75. అదే వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఐపీసీసీ ఇచ్చే నివేదికల్లో "లైక్లీ" అంటే కనీసం 66, "వెరీ లైక్లీ" అంటే కనీసం 90. వాన "లైక్లీ" అన్నారు, చుక్క పడలేదు అని శాఖని తిట్టిపోసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ లెక్కన వాన పడకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది కదా! ఆ మాట వెనక ఇంత లెక్కుందని వాళ్లకి చెప్పేవాళ్లేరి? మందుల కాగితాలూ అంతే. యూరప్ నిబంధనల్లో "కామన్" అని రాసిన ఇబ్బంది వందలో ఒకరి నుంచి పదిమంది దాకా వచ్చేది. ఆ మాట చూసి అందరికీ వస్తుందేమోనని హడలిపోయి మాత్రలు మానేసేవాళ్లుంటారు.

అన్నిటికన్నా నీకు ముఖ్యమైంది "డౌట్". మనం "సర్వర్ ఆగిపోతుందేమోనని నాకు డౌట్" అంటాం, అంటే ఆగిపోయేట్టే ఉందని. దాన్నే "ఐ డౌట్ ద సర్వర్ విల్ ఫెయిల్" అని రాశావనుకో, ఆగిపోదులే, భయం లేదు అని చదువుతారు. అర్థం పూర్తిగా తిరగబడిపోయింది చూడు! అక్కడ రాయాల్సింది "సస్పెక్ట్". ఈ ఒక్కటీ నీ టేబుల్ ముందు రాసి అంటించుకో. "మైట్", "కుడ్" అంటే జరగొచ్చు, అంతే. ఎంత అన్నది అవి చెప్పవు. రిపోర్టులో వాటిని అంకె లేకుండా వదిలిపెట్టకు.

నేనైతే ఏం చేస్తానంటే, మాట పక్కనే అంకె పెడతాను. "సోమవారానికి ప్రాబబ్లీ అయిపోతుంది, 75 శాతం; టెస్టింగ్ వాళ్లు శనివారం ఫైలు ఇస్తేనే" అని. అడ్డు ఎక్కడుందో కూడా చెప్పినట్టవుతుంది. "డెఫినెట్లీ" అన్న మాట పని పూర్తయ్యి, నీ కళ్లతో చూసుకున్నాకే వాడు. అంకె వేస్తే దొరికిపోతామని మీ సీనియర్ అన్నాడని రాశావు. ఆయన భయం అర్థమైంది గానీ, ఆ సలహా వినకురా. 75 అని రాసినవి నాలుగింట్లో ఒకటి తప్పితే, నీ అంచనా సరైనదే. నాలుగూ తప్పితే అది ముందు నీకే తెలియాలి, వచ్చే వారం 40 అని రాస్తావు.

ఈ శుక్రవారం రిపోర్టు పంపేముందు ఒక కాపీ నాకు వాట్సాప్‌లో పెట్టు. మధ్యాహ్నం మూడింటిలోపైతే చూసి పంపిస్తా. దసరాకి వస్తున్నావా? "ఏమో చూడాలి" అనకుండా ఎన్ని శాతమో చెప్పు, అమ్మ సున్నుండలకి మినుములు నీ లెక్క ప్రకారమే తెప్పిస్తుందట.

ఉంటానురా,
నీ మావ