అటక మీంచి దిగిన టైగర్ మాత్

ఏరా మామా,

అటక మీంచి దించిన ఆ పాత మోడల్ తీసుకోనా అని అడుగుతూ నువ్వు పంపిన ఫొటోలు చూశాను. రిమోట్‌తో ఎగరేసే పెట్రోల్ ఇంజిన్ మోడల్, అదీ పావు సైజు టైగర్ మాత్! అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 29 అడుగుల 4 అంగుళాలు, అంటే నీ దానికి 88 అంగుళాలు. బైప్లేన్‌కి, అంటే ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలున్న విమానానికి, 60 అంగుళాలుంటే చాలు, జెయింట్ స్కేల్ (పెద్ద సైజు మోడల్) అనేస్తారు. కళ్లు మూసుకుని తీసుకో. కాకపోతే నువ్వు బట్ట మీది చిరుగులే దగ్గరగా తీసి పంపావు. చిరిగిన బట్టదేముందిరా, ముక్క పెట్టి ఇస్త్రీ చేస్తే అతుక్కుంటుంది. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న మోడల్‌లో పాడయ్యేవి పైకి కనిపించవు.

ముందు కార్బ్యురేటర్ (ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి ఇచ్చేది) విప్పు. చెట్లు కోసే రంపం మిషన్లలో ఉండే రకమే ఇది, లోపల డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఉంటుంది. పెట్రోల్ ఆరిపోయి అది బిరుసెక్కుతుంది. గోటితో నొక్కి చూడు: మెత్తగా లొంగితే సరే, టిక్కుమని చప్పుడు చేస్తే పారేసి కొత్త కిట్ వెయ్యి. ఇది చూడకుండా పెట్రోల్ సర్దే సూదులు తిప్పుతూ కూర్చుంటే రోజంతా పోతుంది. ఇంజిన్ ఐడిల్‌లో (నెమ్మదిగా) బాగానే తిరుగుతుంది, వేగం పెంచుదామని థ్రాటిల్ తెరవగానే ఇంధనం అందక ఆగిపోతుంది. పనిలో పనిగా ట్యాంక్ లోపలి గొట్టం కూడా మార్చు, అదీ గట్టిపడిపోయి ఉంటుంది. ఇంకోటి, బాగా గుర్తుపెట్టుకో: మాగ్నెటో (ఇంజిన్ తిరిగితే తనే కరెంటు పుట్టించి ప్లగ్‌కి నిప్పురవ్వ ఇచ్చేది) ఉన్న ఇంజిన్‌కి బ్యాటరీతో పనిలేదు, చేత్తో తిప్పినా అంటుకోవచ్చు. ప్లగ్ క్యాప్ పీకకుండా ప్రాప్ (ముందుండే ఫ్యాన్) మీద చెయ్యి వెయ్యకు.

తర్వాత ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌ని బిగించే చెక్క గోడ. ఇంజిన్ వెనక ఆ ప్లైవుడ్ నూనె పీల్చుకుని నల్లబడిందేమో చూడు. నూనె పట్టిన చెక్కకి ఏ జిగురూ అంటదు. ఇంజిన్ పట్టుకుని నాలుగు వైపులా ఊపితే వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదిలితే మిగతా పనులన్నీ పక్కనపెట్టి దాని సంగతి చూడు. తోక దగ్గర రిపేర్లు మాత్రం తేలిగ్గా కానివ్వు. ఈ విమానాలకి ముక్కు పొట్టి, తోక పొడుగు. వెనక కాస్త బరువు పెరిగినా దానికి సరితూగడానికి ముక్కులో అంతకు రెట్టింపు పైనే సీసం పెట్టాల్సొస్తుంది.

రెక్కల మధ్య తీగలు అలంకారానికా, నిజంగా బరువు మోయడానికా అన్నది తేల్చుకో. మోసేవైతే గాల్లో రెక్కలు పైకి వంగకుండా పట్టుకునేవి అవే, ప్రతిసారీ అన్నీ తగిలించాల్సిందే. మరీ బిగించేసినా రెక్క మెలి తిరుగుతుంది. అప్పుడు వేగం తగ్గగానే ఒక పక్కకి పడిపోతుంది. తీగలు బిగించాక రెండు రెక్కల కోణాలూ మీటర్ పెట్టి కొలువు. ఈ పని తొందరపడితే కాదు, నాకైతే ఇదే అన్నిటికన్నా ఇష్టం.

ఇక ఎగరెయ్యడం. టైగర్ మాత్‌కి ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకి వంచే రెక్క చివరి పలకలు) కింది రెక్కకే ఉంటాయి. ఒట్టి ఎయిలరాన్‌తో తిప్పావనుకో, కిందికి దిగిన ఎయిలరాన్ గాలిని ఎక్కువ అడ్డుకుని ముక్కుని అవతలి పక్కకి లాగుతుంది. విమానం వంకరగా జారుతూ పోతుంది, చూడ్డానికే బాధగా ఉంటుంది. అందుకే పైకి లేచే ఎయిలరాన్ ఎక్కువగా, కిందికి దిగేది చాలా తక్కువగా కదిలేలా సెట్ చెయ్యి. అయినా సరే రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) కలపాల్సిందే. రెండూ సరిగ్గా కలిసినప్పుడు ముక్కు వంపులోకి ఎంత హాయిగా వస్తుందో! ఫోమ్ మోడళ్లతో ఎన్నాళ్లు ఎగరేసినా నాకు ఆ తృప్తి రాలేదురా. రడ్డర్ చెయ్యి నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి గురువు దొరకదు.

దింపేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తియ్యకు. రెండు రెక్కలు, వాటి మధ్య అన్ని స్ట్రట్లు (నిలువు కర్రలు), అన్ని తీగలు... పవర్ తీస్తే ఎవరో తోక పట్టుకుని ఆపినట్టు వేగం పోతుంది. కొంచెం పవర్ ఉంచే రన్‌వే దాకా రా. చక్రాలు నేలకి తగిలాయి కదా అని రిలాక్స్ అవకు. టెన్షన్ అంతా అప్పుడే. బరువు చక్రాల వెనక ఉంటుంది కాబట్టి కాస్త పక్కగాలి కొట్టినా గిర్రున తిరగాలని చూస్తుంది. పూర్తిగా ఆగేదాకా రడ్డర్ వదలకు, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పేది) స్టిక్ వెనక్కి లాగి ఉంచు.

రేడియోకి ఉన్న పాత నికాడ్ (నికెల్-కాడ్మియం) బ్యాటరీ సంగతి అడిగావు. అక్కర్లేదు, తీసెయ్. దాని నల్ల వైరు పైతొడుగు కొంచెం ఒలిచి చూడు, లోపలి రాగి కూడా నల్లబడి ఉంటే ఆ తుప్పు స్విచ్ దాకా పాకి ఉండొచ్చు, స్విచ్ కూడా మార్చు. కొత్త బ్యాటరీ కొనే ముందు సర్వోలు (పలకల్ని కదిలించే చిన్న మోటార్లు) ఎన్ని వోల్టులు తట్టుకుంటాయో చూడు. రిసీవర్‌కి ఫెయిల్‌సేఫ్‌లో, అంటే సిగ్నల్ పోయినప్పుడు, థ్రాటిల్ ఐడిల్‌కి పడేలా పెట్టు. రేంజ్ చెక్ (రిమోట్ సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడ్డం) ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఇంకోసారి చెయ్యి.

ఈసారి ఫైర్‌వాల్, రెక్కల ఫిట్టింగులు, ఆ నల్ల వైరు ఫొటోలు పంపు. అవి చూశాకే ఇంజిన్ స్టార్ట్ చేద్దాం. నేను వచ్చేదాకా ఆగరా, మొదటిసారి ఎగిరేటప్పుడు నీ పక్కనే ఉండాలి నేను.

నీ మామ