జిల్లా పరిషత్ పిల్లలకూ వేసవిలో వ్యాపార శిక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో హైస్కూలు పిల్లలకు వ్యాపార మెళకువలు, నాయకత్వ లక్షణాలు నేర్పుతామంటూ వేసవి శిబిరాల ప్రకటనలు వెలువడుతుంటాయి. రెండు మూడు వారాల శిక్షణకు వేల రూపాయల రుసుము, బోధనంతా ఇంగ్లిషులో, ఆఖరి రోజున తల్లిదండ్రుల ఎదుట ఒక ప్రదర్శన, చేతికొక ధ్రువపత్రం. డబ్బు లెక్క చూడడం, నలుగురితో కలిసి పని చక్కబెట్టడం పదమూడు, పద్నాలుగేళ్ల వయసులోనే అలవడాలని నమ్మేవారిలో నేనూ ఒకణ్ణి కనుక ఆ శిబిరాలు ఉండడం మంచిదనే అంటాను. నా బాధల్లా ఆ అవకాశం రుసుము కట్టగలిగిన ఇళ్లకే దక్కుతోందని, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల పిల్లలకు మాత్రం ఏడు వారాల సెలవులు ఏ ఉపయోగమూ లేకుండా గడిచిపోతున్నాయని. ప్రభుత్వాలు పూనుకుంటే పెద్ద ఖర్చు లేకుండానే ప్రతి మండలంలోనూ ఇటువంటి శిబిరం నడపవచ్చు. నేర్పగలిగినవారి కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. మన పొదుపు సంఘాల మహిళలే అందుకు తగినవారు.

ఈ శిక్షణ ఎందుకు అవసరమో చెప్పడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2023లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల గ్రామీణ యువతపై జరిపిన అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వే చాలు. తీసివేత వరకైనా వచ్చిన వారిలో, ఇచ్చిన డబ్బుకు తగ్గట్టు ఖర్చు సర్దుకునే లెక్క చేయగలిగినవారు 60 శాతానికి పైగా ఉన్నారు. ధరలో తగ్గింపు ఇస్తే చెల్లించవలసినదెంతో చెప్పగలిగినవారు సుమారు 37 శాతం. తీసుకున్న అప్పుకు మొత్తం ఎంత తిరిగి కట్టాలో లెక్కగట్టగలిగినవారు మాత్రం దాదాపు 10 శాతమే. చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలలో గణితం చెప్పినవాడిగా ఈ చివరి అంకె నాకు ఆశ్చర్యం కలిగించలేదు గాని దిగులు కలిగించింది. ఎనిమిదో తరగతిలోనే చక్రవడ్డీ సూత్రం కంఠస్థం చేసిన పిల్లవాడికి, తన తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మీద ఏడాదికి ఇరవై నాలుగు శాతం వడ్డీ పడుతుందన్న సంగతి తట్టదు. పుస్తకంలో వడ్డీ ఏడాదికి శాతాల్లో ఉంటుంది, ఊళ్లో నెలకు రూపాయల్లో ఉంటుంది, ఆ రెంటినీ కలిపి చూపే అవకాశం తరగతి గదిలో అరుదుగా వస్తుంది.

పిల్లలకు వ్యాపారం నేర్పడం ఇతర చోట్ల ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో 1919లో ఏర్పడిన జూనియర్ అచీవ్‌మెంట్ సంస్థ విద్యార్థుల చేత చిన్న కంపెనీలు పెట్టించి, వాటాలు అమ్మించి, సరుకు తయారు చేయించి, చివరకు లాభనష్టాలు తేల్చి మూసివేయించే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1976లో మొదలైన బిజినెస్ వీక్ శిబిరంలో హైస్కూలు విద్యార్థులు వారం రోజులపాటు విశ్వవిద్యాలయ వసతి గృహాల్లో ఉండి, జట్లుగా విడిపోయి ఊహా కంపెనీని నడిపే అభ్యాసం చేస్తారు. వ్యాపార రంగంలో పనిచేసేవారు తమ సెలవు పెట్టుకుని వచ్చి ఒక్కో జట్టుకు సలహాదారులుగా కూర్చోవడం ఆ శిబిరంలో నాకు బాగా నచ్చిన విషయం. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ పేరిట ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వ పాఠశాలల్లో 11, 12 తరగతుల విద్యార్థులకు తలా రెండు వేల రూపాయల మూలధనం ఇచ్చి నిజమైన వ్యాపారమే చేయించింది. ఊహా కంపెనీ కన్నా చేతిలో ఉన్న నిజమైన రెండు వేల రూపాయలే ఎక్కువ నేర్పుతాయని నా అభిప్రాయం. పోయేది నిజంగా పోతుందన్న జాగ్రత్త కాగితం మీది లెక్కలో పుట్టదు.

గత వేసవిలో మా మండలంలో కొందరు ఉపాధ్యాయులం కలిసి, పొదుపు సంఘాల వారి సాయంతో, తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక చిన్న శిబిరం నడిపాము. ఒక జట్టు ఆడపిల్లలు చల్ల మిరపకాయలు చేసి అమ్మాలని నిర్ణయించుకున్నారు. పచ్చి మిరపకాయల ధర, పెరుగు, ఉప్పు, వాము, ప్లాస్టిక్ సంచులు అన్నీ రాసి, కిలోకు అయిన ఖర్చును నాలుగు పావు కిలో ప్యాకెట్లకు పంచి, మీద కొంత లాభం వేసుకుని ధర కట్టారు. కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంఘం నుంచి వచ్చిన పెద్దావిడ ఆ కాగితం చూసి, "ఎండాక ఎంత తూగుతాయమ్మా?" అని మాత్రం అడిగారు. ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. తూచి పెట్టిన కిలో కాయలను ఎండబెట్టాక మళ్లీ తూచితే పావు కిలోకు కాస్త అటూ ఇటూగా వచ్చాయి. నాలుగు ప్యాకెట్లకు పంచిన ఖర్చంతా ఒక్క ప్యాకెట్ మీదే పడుతుందని పిల్లలకు అప్పుడు అర్థమైంది. తరుగు తీసి ధర మళ్లీ కట్టారు. ఆ ధరకు ఎవరు కొంటారన్న ప్రశ్న వచ్చింది. కిరాణా కొట్టుకు వెళ్లి అడిగితే, సరుకు పెట్టుకుంటాను గాని అమ్ముడయ్యాకే డబ్బు ఇస్తానన్నాడు కొట్టు యజమాని. చర్చ పొద్దు ఎక్కేదాకా సాగింది. చివరకు సగం సరుకు కొట్టుకు ఇచ్చి, మిగతా సగం వారపు సంతలో తామే అమ్ముకున్నారు. ఉత్పత్తి వ్యయం, మార్కెట్ పరిశీలన, పంపిణీ అని పుస్తకాలు అధ్యాయాలుగా చెప్పేదంతా ఆ నాలుగు కిలోల కాయల్లో పిల్లల అనుభవంలోకి వచ్చింది. తమ శ్రమకు ఎంత విలువ కట్టుకోవాలన్న విషయంలో మాత్రం వాళ్లలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఇంట్లో అమ్మ చేసే పనికి ఎవరూ కూలి కట్టరు కదా, మనమెందుకు కట్టుకోవాలని ఒక అమ్మాయి వాదించింది. ఆ మాట మీద పెద్దవాళ్లం కూడా చాలాసేపు మాట్లాడుకున్నాము.

బస్టాండు దగ్గర మజ్జిగ అమ్మిన మగపిల్లల జట్టుకు ఎదురైన సమస్య వేరు. ఒకడు తన బంధువులకు అరువు ఇచ్చాడు, సాయంత్రం నగదు లెక్కతో కలవలేదు. దెబ్బలాట మొదలవుతుందనుకున్న సమయంలో, వారి సలహాదారుగా ఉన్న సంఘం కార్యదర్శి అందరినీ చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, ముందు అరువు ఇచ్చిన అబ్బాయి చెప్పేది పూర్తిగా వినమన్నారు. అతను బకాయి తానే వసూలు చేసి తెస్తానన్నాడు. ఇకపై ఎవరికీ అరువు లేదని తీర్మానం రాసి అందరూ సంతకాలు పెట్టారు. నాయకత్వమంటే వేదికెక్కి అనర్గళంగా మాట్లాడడమేనన్న భావన మన శిక్షణ శిబిరాల్లో పాతుకుపోయింది. తప్పు చేసినవాణ్ణి వెళ్లగొట్టకుండా, తప్పును దాచకుండా, జట్టు విడిపోకుండా ఒక నిర్ణయానికి రావడం దానికన్నా కష్టమైన పని. దాన్ని నేర్పిన ఆ కార్యదర్శి పదో తరగతి దాటి చదవలేదు.

ఆవిడకు ఆ నేర్పు ఊరికే రాలేదు. 1982లో డ్వాక్రా పథకం వచ్చినా, మన ప్రాంతంలో పొదుపు ఉద్యమం ఊపందుకున్నది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై పోరాడిన తర్వాతే. గ్రామీణ పేదరిక నిర్మూలన కోసం 2000లో మొదలైన వెలుగు ప్రాజెక్టు ఆ సంఘాలను గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా ఒక పద్ధతిలో పెట్టింది. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, సక్రమంగా పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలను ఈ మహిళలు దశాబ్దాలుగా ఆచరిస్తున్నారు. అప్పు ఎవరికి ముందు ఇవ్వాలి, వాయిదా తప్పిన సభ్యురాలితో ఎలా మాట్లాడాలి, బ్యాంకు మేనేజరు ఎదుట సంఘం తరఫున ఎవరు కూర్చోవాలి వంటి నిర్ణయాలు నెలనెలా తీసుకుంటున్నారు. తెలంగాణలో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పనిని 2024లో ఈ సంఘాలకే అప్పగించారు. గుడ్డ కొలత, కుట్టుకూలి, గడువు, తేడా వచ్చిన కొలతలు సరిచేయడం ఇవన్నీ ఆ పిల్లలు రోజూ తొడుక్కునే బట్టల్లోనే ఉన్న వ్యాపార పాఠాలు. ఇంత అనుభవం ప్రతి ఊళ్లో ఉండగా, దాన్ని పక్క వీధిలోని ఉన్నత పాఠశాలతో కలపాలన్న ఆలోచన ఇన్నేళ్లుగా ప్రభుత్వాలకు రాకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

పిల్లల చేత వ్యాపారం చేయించడం బాలకార్మిక వ్యవస్థకు దారితీయదా అని కొందరు మిత్రులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తోంది, పద్దెనిమిదేళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడాన్నీ నిషేధిస్తోంది. కాబట్టి శిబిరం పాఠశాల ఆవరణలో, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, నేర్చుకోవడం కోసమే జరగాలి. అమ్మకాల లక్ష్యాలు పెట్టకూడదు, ఏ ప్రైవేటు సంస్థ సరుకునూ పిల్లల చేత అమ్మించకూడదు, లాభం ఎంతైనా ఆ జట్టు పిల్లలకే చెందాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు గనుక కొట్టువారితో మాట, సంత రుసుము, మూలధనం తీసుకోవడం అన్నీ గ్రామ సంఘం పేరిట ఉండాలి. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరిట పొదుపు ఖాతా తెరిచి స్వయంగా నడుపుకునే వీలు రిజర్వు బ్యాంకు 2014లోనే కల్పించింది గాబట్టి, లాభం వాటాలను చేతికివ్వకుండా ఆ ఖాతాల్లో వేయిస్తే బ్యాంకు పని కూడా అలవాటవుతుంది. జట్టుకు నష్టం వస్తే ఆ సొమ్మును పిల్లల నుంచి రాబట్టకూడదని నేను గట్టిగా కోరుతున్నాను. నష్టాన్ని పుస్తకంలో రాయించాలి, ఎందుకు వచ్చిందో చర్చించాలి, అక్కడితో వదిలేయాలి. అప్పు భయంతో ఇంట్లో చెప్పలేక కుమిలిపోయే పిల్లవాడు ఒక్కడున్నా శిబిరం విఫలమైనట్టే.

జాతీయ విద్యా విధానం-2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సంచి లేని పది రోజులు కేటాయించి స్థానిక వృత్తి నిపుణుల దగ్గరకు పంపమంటోంది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు సెలవుల్లో కూడా అటువంటి అవకాశాలు కల్పించవచ్చని అందులోనే ఉంది. అంటే ఈ శిబిరాలకు కొత్త విధానమేదీ రూపొందించనక్కరలేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

సమయం విషయంలో మా అనుభవం ఒకటి చెప్పాలి. మే నెల నడి ఎండల్లో పిల్లలను రప్పించడం ప్రమాదం. బడులు మూసిన వెంటనే, ఏప్రిల్ ఆఖరి వారంలో మొదలుపెట్టి, ఉదయం ఏడు నుంచి పదిన్నర వరకే నడిపితే పన్నెండు పదిహేను రోజుల్లో సరిపోతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులు పూర్తి చేసినవారిని తీసుకోవడం మేలు. పదో తరగతి రాసినవారు ఈ శిబిరానికి మరింత తగినవారే గాని, ఫలితాలు రాకముందే వారిని ఇంటర్ బ్రిడ్జి తరగతుల పేరిట కూర్చోబెట్టే పద్ధతి ఆగేదాకా వారు మనకు దొరకరు. శిబిరంలో పనిచేసే ఉపాధ్యాయులకు నిబంధనల ప్రకారం రావలసిన ఆర్జిత సెలవులను ఆలస్యం చేయకుండా సేవా పుస్తకంలో నమోదు చేయాలి. సంఘాల నుంచి వచ్చే మహిళలకు గౌరవ వేతనం తప్పనిసరిగా ఇవ్వాలి, వారు పోగొట్టుకునే రోజు కూలి కన్నా అది తక్కువ ఉండకూడదు. బోధన తెలుగులోనే జరగాలి. పదిమంది జట్టుకు నాలుగైదు వేల రూపాయల మూలధనం మండల సమాఖ్య నుంచి వడ్డీ లేకుండా ఇప్పించి, నష్టపోయిన మేరకు విద్యాశాఖ భరిస్తే సరిపోతుంది. ఎక్కువ జట్లు అసలు తిరిగి కడతాయని మా చిన్న శిబిరం చూశాక నాకు నమ్మకం కలిగింది.

వచ్చే వేసవికి ఒక్కో జిల్లాలో రెండు మూడు మండలాల్లోనైనా దీన్ని ప్రారంభించాలని, అందుకు జనవరి నెలలోనే ఉత్తర్వులిచ్చి సంఘాల మహిళలకు, ఉపాధ్యాయులకు కలిపి సన్నాహక సమావేశాలు జరపాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను, పొదుపు సంఘాల వ్యవహారాలు చూసే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ మండలాల్లో లెక్కల పుస్తకాలు రాయడం నేర్పడానికి పిలిస్తే మావంటి విశ్రాంత ఉపాధ్యాయులు వచ్చి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా