సూర్యాపేట పెద్దాయనకు, ఇంకా అందరికీ

అమ్మను నిన్న రాత్రి ఖమ్మం తీసుకొచ్చేశాం. తుంటి మార్పిడి ఆపరేషన్ బాగా జరిగింది. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా తనే నడుస్తోంది. నాకు సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

అన్నయ్య, వదిన, మా ఆయన చేసినదానికి ఇక్కడ థాంక్స్ చెబితే నన్నే తిడతారు, వదిలేస్తున్నా. చెప్పాల్సింది, తన పేరు రాయొద్దన్న ఒక పెద్దాయన గురించి.

కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్ల వల్ల అమ్మ తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయింది. ఏవీఎన్ అంటారు. హైదరాబాద్‌లో మొదట వెళ్లిన ఆస్పత్రిలో డాక్టరు గారు ఎక్స్‌రే చూసీ చూడకుండానే మమ్మల్ని ప్యాకేజీల కౌంటర్‌కు పంపేశారు. రోబోతో ఆపరేషన్ అయితే ఇంత, సిరామిక్ కీలు అయితే ఇంత అని అక్కడ చీరల షాపులోలా రకాలు చూపించారు. బయట బెంచీ మీద దిక్కుతోచక కూర్చుంటే, పక్కన చెకప్‌కు వచ్చిన పెద్దాయన పలకరించారు. ఊరు సూర్యాపేట, ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. ఆయనకు ఒకే తుంటికి రెండు ఆపరేషన్లు. మొదట వేసింది వదులైపోతే తీసి మళ్లీ వేశారట.

"డాక్టర్‌ను అడగనీకి భయమెందుకు బిడ్డా? కోసేది మీ అమ్మ కాలే గదా" అని మా ఎక్స్‌రే కవర్ మీదే ప్రశ్నలు రాసిచ్చారు. మోకాళ్ల ఆపరేషన్లు లెక్కలో కలపకుండా, ఏడాదికి తుంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? ఆ రోజు చేసేది మీరేనా? కోత ముందు నుంచా, వెనక నుంచా? ఇంప్లాంట్‌ను, అంటే కృత్రిమ కీలును, ఎముకకు సిమెంటుతో అతికిస్తారా, లేకుండానా? తుంటి జారితే, ఇన్ఫెక్షన్ వస్తే ఎవరు చూస్తారు? ఇంప్లాంట్ స్టిక్కర్లు ఫైల్లో అంటించి ఇస్తారా? ఈ చివరిదాని కింద రెండు గీతలు గీశారు. మొదటిసారి ఆయనకు అవి ఇవ్వలేదు. లోపల ఉన్నది ఏ కంపెనీదో, ఏ సైజో తెలియక రెండో సర్జన్ నానా తిప్పలు పడ్డారట.

ఆ కవర్ పట్టుకుని ముగ్గురు సర్జన్ల దగ్గరికి వెళ్లాం. ఒకాయన విసుక్కున్నారు. ఒకరు రోబో గురించే మాట్లాడారు. మూడో ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటికీ జవాబు చెప్పారు, "పీజీ స్టూడెంట్ పక్కనుంటాడు, చేసేది మాత్రం నేనే" అని కూడా అన్నారు. ఆయనతోనే చేయించాం. డాక్టర్ గారూ, మీకు మా దండాలు.

ఇంగ్లండులో 2003 నుంచి కీళ్ల మార్పిడి ఆపరేషన్ల లెక్కలు రాసిపెట్టే జాయింట్ రిజిస్ట్రీ నడుస్తోంది, ఏ సర్జన్ ఎన్ని చేశారో మామూలు జనం కూడా చూసుకోవచ్చని అక్కడుండే మా పిన్ని కొడుకు చెప్పాడు. మనకేమో ఫ్లైఓవర్ల పక్కన హోర్డింగులే దిక్కు. 2017లో మోకాలి ఇంప్లాంట్ల ధరలకు ప్రభుత్వం పరిమితి పెట్టింది కదా, అప్పుడే తుంటిని ఎందుకు వదిలేశారో! డిశ్చార్జి రోజు ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం అమ్మను చీకటిపడే దాకా కూర్చోబెట్టిన సంగతి రాస్తే బీపీ పెరుగుతుంది, వద్దు.

పెద్దాయన అక్కడితో ఆగలేదు. తుంటిని తొంభై డిగ్రీలకు మించి వంచకూడదు, కింద కూర్చోకూడదు అన్నారు డాక్టరు. మా ఇంట్లో ఉన్నదేమో నేల బాత్రూమే. ఆ మాట ఫోన్‌లో యథాలాపంగా అన్నానంతే. ఇవాళ పొద్దున ఆర్టీసీ కార్గో నుంచి ఫోన్. వెళ్లి చూస్తే ఆయన వాడిన కమోడ్ కుర్చీ! డెటాల్ వాసన వస్తోంది. కాళ్లకు కొత్త రబ్బరు బుష్‌లు వేయించి, గోనెసంచి చుట్టి కుట్టారు. చార్జీ కూడా ఆయనే కట్టేశారు. కౌంటర్ దగ్గర అందరి ముందూ ఏడ్చేశాను. ఆపరేషన్ థియేటర్ బయట కూడా ఏడవలేదు నేను.

అయ్యో, రక్తం ఇచ్చిన అన్నయ్య ఆఫీసు కుర్రాళ్లు ఇద్దరికీ థాంక్స్. అమ్మను కసరకుండా మొదటి అడుగు వేయించిన ఫిజియో అమ్మాయికి కూడా. పక్కింటి అత్తయ్య రోజూ మా గేదెకు మేత వేసింది, ఆమెను మర్చిపోతే ఇంకేమన్నా ఉందా! నైట్ డ్యూటీ ఆయమ్మకు కూడా.

చూడ్డానికి వస్తామంటున్నవాళ్లు కుట్లు విప్పే దాకా ఆగండి, ఇన్ఫెక్షన్ భయం ఉంది. ఎక్స్‌రే కవర్ మీది ప్రశ్నలు ఎవరికైనా కావాలంటే అడగండి, ఫొటో తీసి పంపిస్తా.