ఇండ్ ఏఎస్ చెప్పే లెక్చరర్‌ను ఇవ్వండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

అనంతపురం నుంచి ఒక ఎంకాం విద్యార్థిని నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

సార్, మా ఎంకాంలో ఒక ముఖ్యమైన అకౌంటింగ్ పేపరుకు పాఠం చెప్పే లెక్చరర్ లేరు. ఈ విషయం మీ దాకా ఇంతకుముందే వచ్చి ఉండాలి. మా డిపార్ట్‌మెంటులో చెప్పాం, ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చాం, యూనివర్సిటీకి పంపాం, సోమవారం అర్జీల్లో పెట్టాం, మీ పేషీకి రిజిస్టర్ పోస్టు చేశాం. చివరికి ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో అందులో లేదు. క్లాసుకు పోతే ఆ పీరియడ్‌కు ఎప్పటిలాగే ఎవరూ రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. మాటల్లో ఎక్కడైనా కోపం కనబడితే, చాన్నాళ్లు మర్యాదగా అడిగి అడిగి విసిగిపోయిన పిల్లల కోపమని గ్రహించండి.

మా సిలబస్‌లో ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపరు ఉంది. కంపెనీలు లెక్కలెలా చూపాలో చెప్పే భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు, అంటే ఇండ్ ఏఎస్‌లు, అందులోనే వస్తాయి. కామర్స్ చదివినవాళ్లకు ఉద్యోగం ఇచ్చేది, ఇవ్వకుండా ఆపేది కూడా ఇప్పుడు ఈ పేపరే. దాన్ని చెప్పడానికి సెమిస్టర్ మొదట్లో ఒక గెస్ట్ లెక్చరర్ వచ్చారు. చాలా బాగా చెప్పేవారు. బ్యాలెన్స్ షీటు ఎలా అమర్చాలో చెప్పే ఇండ్ ఏఎస్ 1, సరుకు నిల్వల గురించిన ఇండ్ ఏఎస్ 2 పూర్తి చేశారు. నెలల తరబడి గౌరవ వేతనం అందకపోతే ఆయన మాత్రం ఎన్నాళ్లుంటారు? బెంగళూరులో ఆడిట్ ఆఫీసులో పని దొరికి వెళ్లిపోయారు. ఆయన్ని మేం ఒక్కమాట అనం. ఇంటద్దె కట్టుకోవాల్సిన మనిషి, చిన్న బిడ్డ ఉన్న మనిషి.

ఆయన పోయాక ఆ పేపరు ఎవరికి పడితే వాళ్లకు అప్పజెప్పారు. మార్కెటింగ్ చెప్పే మేడం కొన్నాళ్లు వచ్చి పీడీఎఫ్ చదివి వినిపించారు. ఇది తన సబ్జెక్టు కాదని ఆమే బాధపడుతూ చెప్పారు. తర్వాత ఆమె కూడా రావడం మానేశారు. మిగిలిన యూనిట్లు సొంతంగా చదువుకోమన్నారు. లీజులు, ఆదాయ గుర్తింపు, ఆర్థిక సాధనాలు, వాయిదా పన్ను, వ్యవసాయం, ఇవన్నీ ఆ మిగిలిన యూనిట్లలోనే ఉన్నాయి. అంటే పేపరులో గట్టి భాగమంతా మాకు వదిలేశారు.

సొంతంగా చదవడానికి కూర్చున్నాం సార్. ఒక్క లీజుల పాఠం సంగతి చెబుతాను. ఒక కంపెనీ ఐదేళ్లకు బిల్డింగు బాడుగకు తీసుకుంది, ఏటా సంవత్సరాంతంలో 1,20,000 రూపాయలు కట్టాలి, వడ్డీ రేటు 10 శాతం అనుకుందాం. ఇండ్ ఏఎస్‌లకు ముందునుంచీ ఉన్న పాత ప్రమాణాలను ఏఎస్‌లంటారు, వాటిలో లీజుల గురించిన ఏఎస్ 19లో ఆపరేటింగ్ లీజు, అంటే మామూలు బాడుగ ఒప్పందం అయితే ఏటా ఆ 1,20,000 బాడుగ ఖర్చు కింద రాస్తే సరిపోయేది, బ్యాలెన్స్ షీటులో ఏమీ కనబడేది కాదు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116లో అలా కుదరదు. ఐదేళ్లలో కట్టబోయే సొమ్ముకు ఈరోజు విలువ ఎంతో లెక్కగట్టాలి. అది సుమారు 4,54,900 రూపాయలు. ఆ మొత్తాన్ని వాడుకునే హక్కు కింద ఆస్తుల్లో చూపాలి, లీజు బాకీ కింద అప్పుల్లోనూ చూపాలి. మొదటి ఏడాది వడ్డీ 45,490, తరుగుదల 90,980, రెండూ కలిపి 1,36,470 ఖర్చు. కట్టింది 1,20,000 అయినప్పుడు ఖర్చు అంతకంటే ఎందుకు ఎక్కువైంది? ఐదేళ్లు ముగిసేసరికి ఏ పద్ధతిలో చూసినా మొత్తం ఆరు లక్షలకే ఎలా వచ్చి కలుస్తుంది? పన్నెండు నెలలకు మించని లీజును ఈ లెక్క నుంచి ఎందుకు తప్పించవచ్చు? నిన్నటిదాకా అప్పు లేనట్టు కనబడిన కంపెనీ ఈరోజు అప్పుల్లో ఉన్నట్టు కనబడితే బ్యాంకువాళ్లు దాన్ని ఎలా చూస్తారు? ఇవి చదివితే తెలిసే సంగతులు కావు. బోర్డు మీద ఒకసారి ఎవరైనా లెక్క చేసి చూపాలి, మేం అడగాలి, వాళ్లు మళ్లీ చెప్పాలి. పాఠమంటే అదే కదా సార్.

ఇక పుస్తకాలు. టవర్‌క్లాక్ దగ్గర దొరికే గైడులో ఇప్పటికీ ఏఎస్ 19 లెక్కలే ఉన్నాయి. అసాధారణ అంశాలను లాభనష్టాల ఖాతాలో విడిగా చూపాలని రాసి ఉంది. ఇండ్ ఏఎస్ 1 అలా చూపడాన్ని ఒప్పుకోదు. అదర్ కాంప్రహెన్సివ్ ఇన్‌కమ్, అంటే లాభనష్టాల్లో చేర్చకుండా విడిగా చూపే ఆదాయవ్యయాలు, వాటి ఊసే ఆ గైడులో లేదు. మేం ఆ గైడు చూసి నేర్చుకుంటాం, ప్రశ్నపత్రంలో ఇండ్ ఏఎస్ అడుగుతారు, పాత పద్ధతిలో చేసిన లెక్కకు మార్కులు పడవు. మా క్లాసులో ఎక్కువమందికి ఇంటర్నల్స్‌లో జరిగింది ఇదే. తప్పిన పిల్లలను పట్టుకుని మీరు సరిగా చదవలేదన్నారు. చదివారు సార్. కాలం చెల్లిన పుస్తకం చదివారు, అంతకంటే వాళ్లకు దొరికిందేమీ లేదు.

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఈ ప్రమాణాల నియమాలు తెచ్చింది 2015లో. 500 కోట్లు, అంతకు మించిన నికర విలువ ఉన్న కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుంచి, 250 కోట్లు, ఆపైన ఉన్నవాటికి 2017 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసింది. చిన్న కంపెనీలకు పాత ఏఎస్‌లే నడుస్తున్నాయి కాబట్టి మాకు రెండూ రావాలి, రెండింటి తేడా రావాలి. ఇది నిన్నో మొన్నో వచ్చిన మార్పయితే ఓపిక పట్టేవాళ్లం. అంతర్జాతీయంగా ఇప్పుడు మరో పెద్ద మార్పు వస్తోంది. 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 18 లాభనష్టాల ఖాతా రూపాన్నే మార్చేస్తోంది, 2027 జనవరి 1తో మొదలయ్యే సంవత్సరాల నుంచి అమలు. 2016 నాటి మార్పే మా క్లాసు గది దాకా రాలేదు.

సార్, మా నాయన చీనీ (బత్తాయి) రైతు. ఇండ్ ఏఎస్‌లు పెద్ద కంపెనీలకే గానీ మా నాయనకు వర్తించవని నాకు తెలుసు. అయినా వ్యవసాయం గురించిన ఇండ్ ఏఎస్ 41 చదువుతున్నప్పుడు నాకు మా తోటే కళ్లముందు మెదిలింది. ప్రమాణంలో ఉదాహరణలకు తేయాకు పొదలు, రబ్బరు చెట్లు, ఆయిల్‌పామ్, ద్రాక్ష తీగలు ఇచ్చారు. మా క్లాసులో తేయాకు తోట చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చీనీ చెట్టు తెలియనివాళ్లూ లేరు. ఏళ్ల తరబడి కాపునిచ్చే చెట్టు బేరర్ ప్లాంట్, కాబట్టి చీనీ చెట్టు యంత్రంలాగా, యంత్రాలు, భవనాల గురించిన ఇండ్ ఏఎస్ 16 కిందికి పోతుంది. నాటిన నాటి నుంచి కాపుకొచ్చేదాకా పెట్టిన ఖర్చు ఆస్తి విలువలో చేరుతుంది, కాపు మొదలయ్యాక తరుగుదల రాయాలి. చెట్టు మీద పెరుగుతున్న కాయ మాత్రం ఇండ్ ఏఎస్ 41 కిందికి వస్తుంది. దాన్ని సరసమైన విలువలోంచి, అంటే మార్కెట్లో పలికే ధరలోంచి, అమ్మకపు ఖర్చు తీసి చూపాలి. కాయ కోశాక అది నిల్వ సరుకు, ఇండ్ ఏఎస్ 2 సొత్తు. లారీ బాడుగను విలువ కట్టేటప్పుడే తగ్గించాలి, మండీ కమీషన్‌ను అమ్మకపు ఖర్చుగా తీయాలి. రెండూ రైతు చేతి డబ్బే అయినా లెక్కలో వాటి చోట్లు వేరు. బోరు ఎండి తోట ఎండితే ఇండ్ ఏఎస్ 36 ప్రకారం విలువ నష్టం రాయాలి. వేరుశనగ ఒక్క పంటకే పీకేసే మొక్క, అది బేరర్ ప్లాంట్ కాదు, కాబట్టి మొక్కతో సహా ఇండ్ ఏఎస్ 41 కిందే.

ఇంత పాఠం మా జిల్లా పొలాల్లోనే ఉంది. చెప్పగలిగిన లెక్చరర్ ఉంటే ఒక్క చీనీ తోట చుట్టూ నాలుగు ప్రమాణాలు రెండు గంటల్లో అర్థమవుతాయి. నేను దీన్ని లైబ్రరీలో ఒంటరిగా, డిక్షనరీ పక్కన పెట్టుకుని తేల్చుకున్నాను. సరిగ్గానే అర్థం చేసుకున్నానా అని దిద్దించుకుందామంటే డిపార్ట్‌మెంటులో చూసి చెప్పేవాళ్లు లేరు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

డిక్షనరీ అన్నాను కదా, ఆ సంగతీ చెప్పాలి. మాలో సగం మందికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషులోనే అన్నారు, సరే అన్నాం, నేర్చుకుంటున్నాం. ఇంగ్లీషు వద్దని నేను అడగడం లేదు. సీఏ పరీక్ష రాయాలన్నా ఇంగ్లీషో హిందీయో రావాలి, ఉద్యోగంలోనూ ఇంగ్లీషే. కానీ ప్రమాణంలో ఒక్కో వాక్యం అర పేజీ ఉంటుంది, ఒక షరతు లోపల ఇంకో షరతు ఉంటుంది. దాన్ని తెలుగులో విడమరిచి చెబితే తర్వాత ఇంగ్లీషులో మేమే రాసుకోగలం. 1968లో తెలుగు అకాడమీని పెట్టిందే ఉన్నత చదువుల పుస్తకాలు తెలుగులో రావాలని. ఇండ్ ఏఎస్‌ల మీద తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే ఒక్క పుస్తకం, చీనీ తోట, వేరుశనగ మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీ ఉదాహరణలతో వేయించలేరా? ప్రమాణాల అసలు ప్రతి కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఉంది, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ స్టడీ మెటీరియల్ కూడా నెట్‌లో ఉచితమే. ముడిసరుకు కొనే పని లేదు. కూర్చుని రాసే నలుగురు అధ్యాపకులు కావాలి, వాళ్లకు జీతం కావాలి.

ఉద్యోగాలు లేని చోట ఈ చదువెందుకని ఎవరైనా అనవచ్చు. మా జిల్లాల్లో ఉద్యోగాలున్నాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. తాడిపత్రి, కడప, కర్నూలు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వీటన్నిటికీ అకౌంట్స్ విభాగాలుంటాయి. మా సీనియర్ అక్క ఒకామె ఇంటర్వ్యూకు పోతే, మోటారు సైకిల్‌తో పాటు ఉచిత సర్వీసులు ఇస్తామని అమ్మితే ఇండ్ ఏఎస్ 115 ప్రకారం ఆదాయం ఎప్పుడు, ఎంత రాస్తావని అడిగారట. బండి ఒక హామీ, సర్వీసు వేరే హామీ, వచ్చిన ధరను రెండింటికీ పంచి, సర్వీసు చేసినప్పుడే ఆ వంతు ఆదాయం రాయాలి. ఇండ్ ఏఎస్ 115లో ఆదాయం లెక్కగట్టే ఈ ఐదు మెట్ల పద్ధతి ఆమెకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల సార్. తలవంచుకుని బస్సెక్కి వచ్చింది. ఆ ఉద్యోగం వేరే రాష్ట్రంలో చదివిన అబ్బాయికి పోయింది. మా ఊళ్ల భూములు తీసుకుని కట్టిన ఫ్యాక్టరీల్లో మా పిల్లలు గేటు దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

2023లో విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి నోటిఫికేషన్లు వచ్చినప్పుడు మేం ఎంత సంతోషించామో. మా సబ్జెక్టుకూ ఒక లెక్చరర్ వస్తారనుకున్నాం. అది కోర్టుల్లో పడింది. ప్రభుత్వం మారింది, మాట మళ్లీ ఇచ్చారు. పోస్టులు నిండేదాకా మా సెమిస్టర్ ఆగదు కదా. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యం గురించి కూడా రాయాలనుంది గానీ, దాని గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పేవాళ్లు లేని పాఠం గురించి ఎవరూ రాయడం లేదు. అందుకే నా లేఖంతా దీనికే.

మేం అడిగేది ఇది. మా పేపరుకు, ఇండ్ ఏఎస్ తెలిసిన లెక్చరర్‌ను ఇవ్వండి. రెగ్యులర్ పోస్టు ఇప్పుడే కుదరదంటే గెస్ట్ లెక్చరర్‌నైనా ఇవ్వండి, కానీ ఆయనకు ప్రతి నెలా జీతం వేయండి, లేకుంటే మళ్లీ సగంలో పోతారు. ఊళ్లో ప్రాక్టీసు చేసే చార్టర్డ్ అకౌంటెంట్లను వారానికి రెండు గంటలు పాఠం చెప్పమని పిలవడానికి మా డిపార్ట్‌మెంటుకు అనుమతి, ఆ ఖర్చుకు డబ్బు ఇవ్వండి. సిలబస్ రాసేవాళ్లు, ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లు, పేపర్లు దిద్దేవాళ్లు ఒకే ప్రమాణం పట్టుకునేలా చూడండి. పుస్తకం వేయించండి. అన్నిటికంటే ముందు లెక్చరర్‌ను ఇవ్వండి సార్, పుస్తకం వచ్చేదాకా ఆయన నోట్సుతో నెట్టుకొస్తాం.

మా కాలేజీకి ఎవరైనా తనిఖీకి వస్తే ఫైళ్లు చూసి వెళ్లిపోకుండా మా క్లాసులో కూర్చోమనండి. టైంటేబుల్‌లో ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అని ఉన్న పీరియడ్‌లోనే రమ్మనండి. మా నోటు పుస్తకాలు చూపిస్తాం, పాఠం ఎక్కడ ఆగిపోయిందో వాటిలో తెలుస్తుంది.

సెమిస్టర్ పరీక్షల ఫీజు గడువు దగ్గర పడుతోంది. లీజులు, ఆదాయం, వ్యవసాయం, ఈ మూడు యూనిట్లకైనా ఆలోపు స్పెషల్ క్లాసులు పెట్టమని ఉత్తర్వు ఇప్పించండి. సెలవు రోజుల్లో పెట్టినా వస్తాం, పల్లెల నుంచి మొదటి బస్సుకే వస్తాం.

ఇట్లు,
ఒక ఎంకాం విద్యార్థిని,
అనంతపురం జిల్లా.