బావా, నీకోసం ఒక బాయి చూసి పెట్టాను

శాన్ హోసే
జనవరి, ఆదివారం రాత్రి

అరే బావా,

ఎట్లున్నావురా? చెల్లె, పిల్లలు, మామ అందరూ బాగున్నారనుకుంటాను. మార్చిలో మీ వాడి దగ్గరికి వస్తున్నామని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. టికెట్లు కూడా అయిపోయాయి కదా, ఇంక మాట మార్చొద్దు. మీ వాడు గోల్డెన్ గేట్ బ్రిడ్జి అంటాడు, లాస్ వేగాస్ అంటాడు. తిప్పనీ, అవన్నీ చూడాల్సినవే. ఒక్క రోజు మాత్రం నాకు వదిలెయ్. పొద్దున్నే కారేసుకొచ్చి నిన్ను ఎక్కించుకుపోతాను. ఎక్కడికంటే, బాయికి.

నిజమేరా, బాయికే. బొగ్గుబాయి కాదు, పాదరసం బాయి, పాదరసం తవ్విన గని.

మా ఊరికి దక్షిణాన, ఇళ్లు ఆగిపోయి కొండలు మొదలయ్యే చోట అల్మడెన్ క్విక్‌సిల్వర్ కౌంటీ పార్కు అని ఉంది. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. 4,000 ఎకరాలకు పైగా కొండలు, లోయలు, ఓక్ చెట్లు. వాటి మధ్య 35 మైళ్లకు పైగా కాలిబాటలు. ఇక్కడ ట్రెయిల్స్ అంటారు. కొండకు ఒక పక్క గ్వాడలూప్ రిజర్వాయర్, ఇంకో పక్క అల్మడెన్ రిజర్వాయర్. పేరుకు రిజర్వాయర్లు గానీ, పైనుంచి చూస్తే మన చెరువుల్లాగే ఉంటాయి. ఆ రెండూ 1935లో కట్టినవే. అప్పట్లో ఈ లోయంతా పండ్ల తోటలట. అందరూ బోర్లు వేసి తోడేస్తుంటే భూగర్భ జలం అడుగంటి, నేలే కిందికి కుంగిపోవడం మొదలైంది. అందుకని కొండల్లో కట్టలు వేసి, వానాకాలం నీళ్లు ఆపి, వాగుల్లోకి మెల్లగా వదిలి నేలలోకి ఇంకించారు. ఆ సంగతి చదివినప్పుడు, చెరువు నిండితే ఊరి బావులన్నీ నిండుతాయని మా తాత అనే మాట గుర్తొచ్చింది.

ఏళ్ల తరబడి నేను అక్కడికి ఏదో ఒళ్లు వంగడానికి పోయేవాణ్ణి. ఫోన్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కడం, దిగడం, ఇంటికి రావడం. అది గని అని తెలుసు గానీ పట్టించుకోలేదు. పోయిన ఏడాది నాన్న పోయాక, ఇండియా నుంచి తిరిగొచ్చిన మొదటి శనివారం ఇంట్లో ఉండలేక అక్కడికే పోయాను. దారిలో ఒక పాత సొరంగం ఉంది, శాన్ క్రిస్టోబల్ గని అంటారు. లోపలికి పోకుండా ఇనుప గ్రిల్ బిగించి ఉంటుంది. ఆ రోజు ఎందుకో దాని ముందు నిలబడ్డాను. లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. తడి రాయి వాసన. బావా, నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన నాన్న గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే వచ్చేది చూడు, అచ్చం ఆ వాసనే. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు.

అప్పటి నుంచి ఆ కొండ గురించి దొరికిందల్లా చదివాను. నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, ఓపిగ్గా చదువు.

అక్కడి రాయి ఎర్రగా ఉంటుంది. మన ఆయుర్వేదంలో ఇంగిలీకం అంటారే, అదే. ఓలోనీ అనే ఇక్కడి ఆదివాసులు తరతరాలుగా ఆ రాయిని నూరి ఒంటికి రంగు పూసుకునేవాళ్లు. 1845లో, కాలిఫోర్నియా ఇంకా మెక్సికో చేతిలో ఉన్నప్పుడు, కాస్టియేరో అనే మెక్సికన్ సైనికాధికారి ఆ ఎర్రమట్టిలో పాదరసం ఉందని పట్టుకున్నాడు. మన ఇల్లందులో బొగ్గు తవ్వడం మొదలైంది 1889లో కదా, అంటే అంతకు 44 ఏళ్ల ముందే ఇక్కడ తవ్వకం మొదలైందన్నమాట. స్పెయిన్‌లో అల్మడెన్ అని పెద్ద పాదరసం గని ఉండేది, ఆ పేరే దీనికీ పెట్టి న్యూ అల్మడెన్ అన్నారు. ఆ మాటకు మూలం అరబ్బీ. గని అనే అర్థం. ఉర్దూలో మాదన్ అంటారు, అదే మాట. అంటే దీని పేరే కొత్త బాయి!

1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. బంగారు రజనును మట్టిలోంచి పట్టడానికి పాదరసం కావాలి, అది బంగారాన్ని తనలోకి లాక్కుంటుంది. దాంతో ఈ కొండకు దశ తిరిగింది. అమెరికా మొత్తంలో ఇంత పాదరసం ఇచ్చిన గని ఇంకోటి లేదు. 1863లో ఏకంగా అబ్రహాం లింకన్ దీన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు ఇచ్చి, ఇక్కడ గొడవ రేగేసరికి వెనక్కి తీసుకున్నాడు.

రాయిలోంచి పాదరసం ఎట్లా తీస్తారో తెలుసా? రాయిని కొలిమిలో కాలిస్తే పాదరసం ఆవిరై లేస్తుంది. ఆ ఆవిరిని ఇటుక గదుల్లోంచి పంపితే చల్లబడి గోడల మీద బొట్లు బొట్లుగా దిగుతుంది. దాన్ని ఇనుప సీసాల్లో నింపేవాళ్లు. ఒక్కో సీసాలో 76 పౌండ్లు, అంటే 34 కిలోల పైనే. సీసా చూస్తే చిన్నదే, ఎత్తబోతే నేలకు అతుక్కుపోయినట్టుంటుంది. నీళ్లకన్నా పదమూడు రెట్లకు మించి బరువు మరి. బడి ల్యాబ్‌లో నువ్వు థర్మామీటర్ పగలగొట్టిన రోజు గుర్తుందా? బల్ల మీద ఆ వెండి బొట్లు దొర్లుతుంటే వేలితో కలుపుతూ, విడదీస్తూ పీరియడ్ అంతా ఆడుకున్నాం. అది విషమని మనకెవరూ చెప్పలేదు. ఇక్కడ కొలిమి దగ్గర పనిచేసిన వాళ్లు ఆ ఆవిరి పీల్చి ఒళ్లు వణుకుతూ, పళ్లు ఊడిపోయి పోయారట. కాల్చిన రాయి పొడి వాగులో పడి, పాదరసం ఇప్పటికీ చెరువుల్లోకి దిగుతూనే ఉంది. అందుకే గ్వాడలూప్‌లోనూ అల్మడెన్‌లోనూ పట్టిన చేపలు తినొద్దని బోర్డులు పెట్టారు. గని మూతపడి యాభై ఏళ్లు అయింది, అయినా వదల్లేదు చూడు.

నన్ను పట్టి కుదిపేసింది మాత్రం ఇంకొకటి. మొదట్లో ఇక్కడ రాయి మోసింది మెక్సికన్ కూలీలు. తోలు సంచిలో ముడిరాయి నింపి, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని, గాట్లు కొట్టిన దుంగల మీద అడుగులు వేసుకుంటూ చీకట్లోంచి పైకి ఎక్కేవాళ్లు. ఒక్కో సంచి దాదాపు 200 పౌండ్లు. అంటే తొంభై కిలోలు! రోజుకు ఎన్నిసార్లో. అది చదివి మా నాన్న భుజాలు గుర్తొచ్చాయి. మామ, మా నాన్న ఇద్దరూ ఫిల్లర్లే కదరా. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బు నింపినవాళ్లే. ఎండాకాలం ఆరుబయట పడుకున్నప్పుడు నాన్న బనీను కింద ఆ నల్లటి కాయలు నేను వేలితో తడిమేవాణ్ణి.

సరే, దారుల సంగతికి వస్తా. నీ మోకాలు సంగతి నాకు తెలుసు, కాబట్టి టెన్షన్ పడకు. హసియెండా గేటు నుంచి మైన్ హిల్ ట్రెయిల్ ఎక్కితే మొదటి నుంచీ ఎక్కుడే. డీప్ గల్చ్ ఇంకా కష్టం. మోకింగ్‌బర్డ్ గేటు నుంచి పోయే దారి ఎక్కించి దించి, మళ్లీ ఎక్కించి దించి ప్రాణం తీస్తుంది, అటు అసలు వద్దు. మనం మైన్ హిల్ మీదుగా ఆగి ఆగి ఎక్కుదాం, తొందరేముంది. పైకి చేరితే ఇంగ్లిష్ క్యాంపు వస్తుంది. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికుల కాలనీ అది. మెక్సికన్ల కాలనీ వేరే, స్పానిష్‌టౌన్ అనేవాళ్లు. ఇప్పుడు కొన్ని పాత చెక్క ఇళ్లు మాత్రమే మిగిలాయి, తలుపులు మూసి. గాలికి ఓక్ ఆకులు రాలే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ పిల్లల్ని పెంచారు వాళ్లు. సాయంత్రం షిఫ్ట్ దిగే వేళకు అక్కడా ఎవరో ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడి దారి చూసే ఉంటుంది.

అక్కడి నుంచి కొండ నడుము చుట్టూ పోయే రాండల్ ట్రెయిల్ పట్టుకుంటే దారి దాదాపు సమంగా ఉంటుంది, నీకు హాయి. ఆ చుట్టుపక్కలే గనిలోకి నిలువుగా దిగే బ్యూనా విస్టా షాఫ్ట్ ఉంది. గనిలో ఊరే నీళ్లు తోడడానికి అక్కడ పెద్ద పంపు నిలబెట్టారు. పంపు ఎప్పుడో పోయింది, దాని కింద పేర్చిన గ్రానైట్ రాళ్లు మాత్రం చెక్కు చెదరలేదు. మొన్న ఒక రాయి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఎండ తగిలిన వైపు వెచ్చగా ఉంది, పక్కకు జరిపితే నాచు పట్టి చల్లగా, మెత్తగా. రాళ్ల సందులోంచి ఒక చిన్న బల్లి తల బయటపెట్టి నన్ను చూసి, మెడ రెండుసార్లు ఆడించి లోపలికి పోయింది. మన బాయిలో రాత్రంతా పంపు నడిపిన వాళ్ల గురించి మామ చెప్పేవాడు కదా, అవన్నీ అక్కడ నిలబడి నీ నోటితో వినాలని ఉంది.

మార్చిలో అయితే కొండలన్నీ పచ్చగా ఉంటాయి. నారింజ రంగు పాపీ పూలు, నీలం లూపిన్లు విరగబూస్తాయి. జూన్ వచ్చిందా, గడ్డంతా ఎండిపోతుంది. జులైలో ఒకసారి లీటరు సీసా ఒక్కటే పట్టుకుపోయి సగం దారిలో నీళ్లయిపోయి చాలా ఇబ్బంది పడ్డాను. నీతో వచ్చే రోజు ఆరు సీసాలు పెడతా. నువ్వు మంచి బూట్లు తెచ్చుకో, ఫుల్ ప్యాంటు వేసుకో. మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ అనే మొక్క దారి పక్కనే ఉంటుంది, తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. ఎండ ముదిరితే గిలక పాములు బయటికొస్తాయి, దారి మధ్యలో నడిస్తే ఏం కాదు.

దక్షిణాన ఉమునమ్ అనే కొండ కనపడుతుంది, 3,486 అడుగులు. ఆదివాసుల భాషలో తేనెపిట్ట వాలే చోటు అని అర్థమట. దాని ఎదురుగా కూర్చుని తిందాం. చెల్లెను పులిహోర చెయ్యమను, నేను మిర్చి బజ్జీలు తెస్తా.

మన బాయి దగ్గర ఇప్పుడు నిలబడి చూడ్డానికి ఏం మిగిలిందిరా? పోయినసారి వచ్చినప్పుడు చూశాను, మస్టర్ వేసిన ఆఫీసు లేదు, మన క్వార్టర్ల వరస లేదు, అంతా తుమ్మచెట్లే. నాన్న ముప్పై నాలుగేళ్లు దిగిన చోటు ఇదీ అని నా పిల్లలకు చూపించడానికి ఏమీ దొరకలేదు. ఇక్కడ ఎవరి నాన్నో దిగిన చోటును ఉంచారు, దారులు వేశారు, పేర్లు రాశారు. అక్కడ నడిస్తే నాకు నాన్నతో నడిచినట్టే ఉంటుంది. ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేను. నీకైతే చెప్పక్కర్లేదు కూడా.

ఇంకొక్క పని చెయ్. మామను కూర్చోబెట్టి, నిండు తట్ట ఎంత బరువుండేదో, ఒక్క షిఫ్టుకు ఎన్ని టబ్బులు నింపేవాళ్లో అడుగు. నాన్నను ఎప్పుడూ అడగలేదు. మామ చెప్పింది చెప్పినట్టే రాసుకుని తీసుకురా, మర్చిపోకు.

నీ
బావ