జర్మనీలో నర్సు కావడానికి ఇంత అప్పా?

సంపాదకుల వారికి,

గల్ఫ్‌లో ఇంటిపనులు చేసిన కోనసీమ తల్లుల కూతుళ్లు ఇప్పుడు నర్సింగ్ కోసం జర్మనీ వైపు చూస్తున్నారు. నాకెంతో సంతోషం. కానీ దళారులు ఆ ఆశ మీదే లక్షలు గుంజుతున్నారు. మా ఊళ్లో ఒక కుటుంబం కొబ్బరితోట తాకట్టు పెట్టింది. అక్కడి మూడేళ్ల నర్సింగ్ శిక్షణలో నెలనెలా భృతి ఇస్తారని వారికి ఎవరూ చెప్పలేదు!

ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి అక్కడ పట్టా గుర్తింపు, సాధారణంగా బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి) జర్మన్ భాష కావాలి. చదువులో తేడాలుంటే అదనపు శిక్షణో, పరీక్షో ఉంటుంది. అసలు కష్టం భాషే. అమలాపురంలో ప్రభుత్వమే జర్మన్ తరగతులు నడపాలి. రిక్రూటింగ్ ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు చూడకుండా ఎవరూ రూపాయి కట్టవద్దు.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, రాజోలు